సుగ్రా బేగం సంతకం

శ్రీరాంపూర్,
9 జూలై 2024

రాంచందర్ అన్నకు సుగ్రా సలాం.

మూడుసార్లు ఫోన్ చేశాను. మూడుసార్లూ కోమల వదినె ఎత్తింది. "మీ అన్నకు రెండు చెవులు బందైనయి సుగ్రా. జాబు రాయి. జాబైతే ఒకటికి నాలుగుసార్లు చదువుతడు" అన్నది. నువ్వు నేర్పిన పుస్తకం భాషలోనే రాస్తాను, తప్పులుంటే దిద్దుకో. మనుషుల మాటలు మాత్రం వాళ్లు ఎట్లా అన్నారో అట్లాగే పెడతాను.

నా కొడుకు మోయిజ్‌ను మెడికల్ బోర్డు అన్‌ఫిట్ చేసింది. ఇరవై ఆరేళ్లు బొగ్గుబాయి దిగి నడుము పూసలు అరిగిపోయాయి. చెప్పులు కూడా కోడలు ముబీనా తొడగాల్సి వస్తున్నది. ఇక ఆ ఉద్యోగం ఇంట్లో పిల్లల్లో ఒకరికి వస్తుంది. సెప్టెంబర్ నెలాఖరులోగా మోయిజ్ ఒక పేరు రాసివ్వాలి. మనవడు సాద్‌కు పంతొమ్మిది నిండాయి, వాడికే అని అందరం అనుకున్నాం. మొన్న శుక్రవారం అన్నాల దగ్గర మనవరాలు అంబ్రీన్ తండ్రితో "అబ్బా, నా పేరు రాయి" అన్నది.

తల్లి నవ్వింది, బిడ్డ పరాచికమాడుతున్నదనుకుని. ఆ పిల్ల నవ్వలేదు.

"మైనింగ్ డిప్లొమా ఎందుకు చదివిన? గోడకు తగిలేసుకోనీకా? ఇప్పుడు ఆడోళ్లను సుత లోపటికి తీసుకుంటున్నరు. వీనికేమో బాయి పేరు చెప్తెనే చెమటలు పడ్తయి."

"పడ్తలే" అన్నాడు సాద్, తలెత్తకుండా తింటూ.

అన్నా, నాకు నిద్ర లేదు. తొంభై మూడులో బాయి పైకప్పు కూలి మోయిజ్ తండ్రి ఇబ్రాహీం పోయినప్పుడు ఆయనను బయటికి తేవడానికి పదకొండు గంటలు పట్టింది. ఆ పదకొండు గంటలు పిట్ ఆఫీసు ముందు నేల మీద కూర్చున్నాను. నువ్వు పక్కనే ఉన్నావు. ఆ తరువాత మోయిజ్ దిగాడు. వాడు ఇంటికొచ్చేదాకా ఏ రోజూ నాకు ముద్ద దిగలేదు. ఇప్పుడు వాడు పైకొచ్చాడు, ప్రాణంతో వచ్చాడు, ఇక చాలు అనుకుంటుంటే ఈ పిల్ల.

నేను చెప్తే "దాదీ, నువ్వు భయపడుతున్నవ్" అంటుంది. నీ వ్యాసాలన్నీ చదువుతుంది, నీ మాటంటే గురి. వద్దని ఒక జాబు రాయి. ఇంతే అడుగుతున్నాను.

నీ చెల్లె
సుగ్రా


కరీంనగర్, ముకరంపుర,
16 జూలై 2024

చెల్లె సుగ్రాకు,

నీ జాబులో తప్పులు రెండే ఉన్నాయి, రెండూ వత్తులే. నేను బడి పెట్టిన ఆదివారాలు వృథా కాలేదు. కానీ నువ్వు అడిగిన పని నేను చేయను.

యాభై ఏళ్లుగా మన సభల్లో ఒక వింత చూస్తున్నాను. వేదిక మీద స్త్రీ విముక్తి గురించి తీర్మానం, వేదిక వెనకాల ఆడవాళ్లు ఉల్లిగడ్డలు కోస్తుంటారు. చప్పట్లు కొట్టిన చేతులే ఆ వెంటనే విస్తళ్ల ముందు వాలతాయి. ఇల్లనేది సైరన్ లేని బాయి సుగ్రా. షిఫ్టు మొదలవడమే తప్ప ముగియదు. అక్కడి శ్రమకు జీతం లేదు, పూసలరిగితే అన్‌ఫిట్ చేసే బోర్డూ లేదు. ఆడమనిషి ఆ చీకటిలోంచి బయటపడి పదిమందితో కలిసి లోకానికి పనికొచ్చే పని చేయాలి, ఆ పనికి తన పేరున జీతం తీసుకోవాలి, పదిమందితో కలిసి జెండా పట్టాలి. అంతవరకు విముక్తి అనేది మైకులో మాట. మగవాడి దయవల్ల వచ్చే స్వేచ్ఛ అద్దె ఇల్లు లాంటిది, ఎప్పుడైనా ఖాళీ చేయిస్తారు.

నా మనవరాలి ఈడు పిల్ల ఈ మాట నోటితో కాక కాళ్లతో చెప్పబోతుంటే నేను వద్దని రాయాలా? అంబ్రీన్‌కు వేరే కాగితం జతచేశాను. "దిగు" అని రాశాను.

భయం ఉంటుంది. ఎవరికి లేదు? ఇబ్రాహీం పోయాడని మగపిల్లలను ఆపామా?

నా ఆత్మకథ అక్టోబర్‌లో అచ్చుకు పోతుంది. అందులో మన కార్మిక సంఘంలోని స్త్రీల గురించిన అధ్యాయమే తొంభై పేజీలు. ఎవరెవరు ఆడవాళ్లకు ఏమేమి అన్యాయం చేశారో పేర్లతో రాశాను. సాంబయ్యకు పదమూడు పేజీలిచ్చాను, అంతకన్నా తక్కువలో ఆయన ఇమడలేదు. నా దగ్గర అక్షరాలు దిద్దుకున్నవాడు, నా కుర్చీ కిందినుంచి లాగి నన్ను కరీంనగర్‌కు సాగనంపినవాడు, ఇప్పుడు కారుకు సంఘం జెండా కట్టుకుని తిరుగుతున్నాడట. తిరగనీ. పుస్తకానికి చెవులుండవు, నాలాగే. ఎవరెంత మొత్తుకున్నా అది చెప్పేది చెప్తుంది.

కోమల టీ తెచ్చి పెట్టింది. రాస్తుంటే చల్లారిపోయింది. ఇంకోటి తెమ్మన్నాను. ఇది నాలుగోది.

నీ అన్న
రాంచందర్


శ్రీరాంపూర్,
11 ఆగస్టు 2024

అన్నకు సలాం.

నేను నీళ్లు పోయమంటే నువ్వు నూనె పోశావు. నీ కాగితం అంబ్రీన్ పర్సులోనే ఉంటున్నది. తల్లికి చదివింది, తండ్రికి చదివింది, చివరికి పాలు పోయడానికొచ్చిన హనుమంతుకు కూడా చదివింది. ఆయన "మంచిగున్నది బిడ్డా, మా ఇంటిదానికి మాత్రం సదవకు" అని పోయాడు.

కంపెనీకి మోయిజ్ రాసిచ్చే పేరు చాలు. కానీ మా దగ్గర ఆచారం నీకు తెలియనిదా? సంఘం ఆఫీసులో పెద్దమనుషుల ముందు పంచాయితీ జరగందే, ఇంట్లోవాళ్లంతా సమ్మతి కాగితం మీద సంతకం పెట్టందే ఎవరూ పేరు రాయరు. మోయిజ్ అసలే మెత్తనివాడు. నిన్న మమ్మల్నందరినీ తీసుకుపోయాడు.

సాంబయ్య కుర్చీలు వేయించాడు, సోడా తెప్పించాడు.

"సుగ్రమ్మా, ఇంట్ల మొగపిలగాడు పోతపోసినట్టుండంగ ఆడపిల్లను బాయిల దింపుతమా? రేపు లగ్గం జేస్తవు. ఉద్యోగం ఆళ్లింటికి పాయె. మోయిజ్ ఏం తినాలె? సంఘానికి ఒక కట్టుబాటున్నది."

"ఎక్కడ రాసున్నది గా కట్టుబాటు?" అంబ్రీన్ అడిగింది.

"ఎక్కడున్నదంటవా?" అని బీరువా తెరిచి అట్ట ఊడిన పాత రిజిస్టరు తీశాడు. "ఇగో, తొంభై మూడు. ఇంట్ల పని చెయ్యగల మొగమనిషి ఉన్నప్పుడు ఉద్యోగం అతనికే ఇప్పియ్యాలె. తీర్మానం. మరి ఇది ఎవరు రాసిండ్రో ఎర్కనా? నీ పర్సుల జాబున్నదే, గా సారే. నీకేమో దిగుమని రాసిండు, గీడ దింపొద్దని రాసిండు. ఏది నమ్మాలె బిడ్డా? నువ్వే చెప్పు."

అక్కడున్నవాళ్లు నవ్వారు. అంబ్రీన్ రిజిస్టరు నా ముందు పెట్టి, "దాదీ, నీకు సారు దస్తూరి తెలుసు గద. చూడు" అన్నది. కళ్లజోడు తేలేదని చెప్పాను.

దారిలో ఆ పిల్ల ఇంకొకటి అడిగింది. "దాదా పోయినప్పుడు నీకు ముప్పయి అయిదేండ్లే. చదువొచ్చు. గనిమీద క్యాంటీన్ల, ఆఫీసుల ఆడోళ్లకు పనులిచ్చిండ్రట గద. నువ్వెందుకు తీసుకోలే?" పొద్దు పోతున్నది, నడవమన్నాను.

అన్నా, ఆ దస్తూరి నీదేనా? రాయి.

సుగ్రా


కరీంనగర్,
19 ఆగస్టు 2024

చెల్లె సుగ్రాకు,

ఇదీ సాంబయ్య అంటే. ఈ ఒక్క ఉదంతంతో ఆయనకిచ్చిన పేజీలు పదహారయ్యాయి.

ఆ తీర్మానం రాసింది ఆయనే. అప్పట్లో ఆయన నా అక్షరాలను చూసి రాసేవాడు, పొల్లు దగ్గర వంకర కూడా దించేవాడు. ఆ నెలలో నేను హైదరాబాదులో మహాసభ పనిలో ఉన్నాను. నేనుంటే అటువంటి తీర్మానాన్ని గడప దాటనిచ్చేవాణ్ని కాదు. ఇతరుల పాపాలకు మన దస్తూరి అరువిస్తే ఇట్లాగే ఉంటుంది.

అయితే ఒకటి ఆలోచించాను. అంబ్రీన్ తొందరపడుతున్నదేమో. పోరాటంలో ఒక్కో అడుగు వెనక్కి వేయడం ఓటమి కాదు. ఈసారికి సాద్ పేరు పోనిచ్చి, పరీక్ష రాసి పైన ఆఫీసు ఉద్యోగానికి ఆమె ప్రయత్నిస్తే ఎట్లా ఉంటుంది? నువ్వు కూడా నిశ్చింతగా ఉంటావు. నీ మొదటి జాబులో నువ్వడిగిందీ అదే కదా. ఆ రిజిస్టరు జోలికి ఇక పోవద్దు. పాత కాగితాలు తిరగేస్తే దుమ్ము తప్ప ఏమీ రాదు.

ఇబ్రాహీం పోయినప్పటి సంగతి ఆ పిల్లకు ఇప్పుడు ఎందుకు? నువ్వు పెద్దదానివి, ఏదో ఒకటి చెప్పు.

రాంచందర్


శ్రీరాంపూర్,
2 సెప్టెంబర్ 2024

అన్నకు,

కళ్లజోడు ఆ రోజు నా సంచిలోనే ఉన్నది.

అంబ్రీన్ మళ్లీ ఒక్కతే పోయి, ఆఫీసు తుడిచే బుచ్చవ్వను బతిమాలి రిజిస్టరు తీయించి జిరాక్సులు చేయించింది. రెండు కాగితాలు. ఒకటి తీర్మానం. రెండోది దాని వెనకే అంటించి ఉన్నది. ఆ రెండో కాగితం నడింట్లో నిలబడి గట్టిగా చదివింది. ఏం చదువుతున్నదో మొదటి మాటతోనే నాకు తెలిసిపోయింది. ముప్పయి ఒక్క ఏళ్లయినా నాకది నోటికి వస్తుంది:

"నేను, కీర్తిశేషులు ఇబ్రాహీం భార్యను, స్త్రీనైనందునను, పిల్లవాడు చిన్నవాడైనందునను ఉద్యోగం చేయజాలను. సదరు ఉద్యోగం నా భర్త తమ్మునికి ఇవ్వగలందులకు, ఎవరి ఒత్తిడియు లేక, చదివి తెలుసుకొని, ఇష్టపూర్వకముగా రాసి ఇస్తున్నాను."

కింద నా సంతకం. వేలిముద్ర కాదు. నీ బడిలో నేర్చుకున్న అక్షరాలతో ఒక కాగితం మీద నేను పెట్టిన మొట్టమొదటి సంతకం అది. పైన రాత నీది. తేదీ కూడా నీ చేత్తోనే ఉన్నది. ఆ తేదీన నువ్వు హైదరాబాదులో లేవు. మా ఇంట్లో చాప మీద కూర్చున్నావు.

మరిది నన్నూ మోయిజ్‌నూ సాకుతానని అందరి ముందు ఖురాను మీద చేయి పెట్టాడు. రెండేళ్లకు వేరే కాపురం పెట్టాడు. నేను కుట్టుమిషన్ తొక్కాను. మోయిజ్ ఇరవై ఏళ్లకే, రానివాళ్ల బదులు పనిచేసే బదిలీ కూలీగా బాయి దిగాడు. వాడి నడుము ఎందుకరిగిందో ఇప్పుడు లెక్క తేలింది కదా అన్నా? అది వాడి ఒక్కడి బొగ్గు కాదు, నాకు రాని ఉద్యోగం బరువు కూడా.

అంబ్రీన్ చదవడం అయిపోయింది. సాద్ లేచి "దాదీ, గా ఉద్యోగం నాకొద్దు. అక్కకు భయం లేదు, నాకున్నది. గంతే" అని బయటికి పోయాడు. ఆ రోజునుంచి అంబ్రీన్‌ను వద్దనడం మానేశాను. భయం తగ్గి కాదు. అది పెరిగింది. కానీ నా భయాన్ని ఆ పిల్ల కాళ్లకు కట్టే హక్కు నాకు లేదనిపించింది.

ఇంక మోయిజ్ ఒక్కడు. "అమ్మీ, పెద్దమనుషులను కాదని ఈ కాలనీల ఎట్ల బతుకుతం? రాంచందర్ సారు వచ్చి, గా తీర్మానం తప్పు అని నోటితోని చెప్తె అంబ్రీన్ పేరే రాస్త. లేకుంటె సాద్ పేరే. ఆడు దిగకుంటె ఏదన్న చూద్దం." ఇదే వాడి మాట.

23వ తేదీ సోమవారం పదకొండు గంటలకు పంచాయితీ. నువ్వు రావాలి.

సుగ్రా


కరీంనగర్,
10 సెప్టెంబర్ 2024

చెల్లె సుగ్రాకు,

నీ జాబుతో పంపిన జిరాక్సులు అందాయి. రెండు రోజులు వాటిని నిఘంటువు కింద పెట్టాను. మూడో రోజు తీసి చూశాను. దస్తూరి నాదే.

నీకు నిజం రాయాలి. నేను స్త్రీల శక్తిని నమ్మక రాసిన తీర్మానం కాదది. అది సిద్ధాంతమైతే బాగుండేది, కనీసం తప్పు సిద్ధాంతమని ఇప్పుడు దిద్దుకునేవాణ్ని. అప్పుడు సంఘం శాఖ కార్యదర్శి ఎన్నికకు పద్దెనిమిది రోజులుంది. పోటీలో నేను, సాంబయ్య. నీ మరిది వెంట నలభై మంది ఉండేవారు. "వదినెకు ఉద్యోగం ఇప్పిస్తే నేను సాంబయ్య దిక్కు పోత" అన్నాడు. నీ ఉద్యోగాన్ని నలభై చేతులకు అమ్మాను. ఆ నలభైతోనే పదకొండు ఓట్ల తేడాతో గెలిచాను. గెలిచిన మరుసటి ఆదివారం బడిలో స్త్రీ విముక్తి పాఠం చెప్పాను. నువ్వు ముందు వరసలో కూర్చున్నావు.

ఆ రోజు నువ్వు ఆ కాగితం చదవలేదు. మొదటిసారి వేలిముద్ర వేయకుండా పేరు రాస్తున్నానన్న మురిపెంలో ఉన్నావు. ఆ మురిపెం చూసి నాకు సిగ్గేసింది. ఇన్నేళ్లూ సాంబయ్య మీద నాకున్న కోపంలో సగం ఆ సిగ్గే కావచ్చు.

కానీ నేను రాలేను. నా పరిస్థితి అర్థం చేసుకో. బస్సు ప్రయాణం, డెబ్బై ఎనిమిదేళ్లు, చెవులు లేవు. అదొక్కటే కాదు. పుస్తకం వచ్చే నెల అచ్చుకు పోతున్నది. ఈ సంగతి నలుగురిలో ఒప్పుకుంటే సాంబయ్య ఆ జిరాక్సును గోడలకు అంటిస్తాడు. నేను ఇన్నేళ్లుగా రాసింది మొత్తం నవ్వులపాలవుతుంది. శత్రువు చేతికి కత్తి మనమే ఇవ్వడం ఏం తెలివి? దాని బదులు, పాత విషయాలు ఎత్తకుండా, అంబ్రీన్‌ను బలపరుస్తూ ఒక మంచి ఉత్తరం మోయిజ్‌కు రాస్తాను. అది చాలదా? మీ దగ్గరున్న జిరాక్సులు మాత్రం చించేయించు.

ఈ జాబు కోమల చదివింది. నేను చూపలేదు, తనే తీసి చదివింది. టీ గ్లాసు బల్ల మీద పెట్టి, పలక తీసుకుని రాసింది: "గా పిల్ల కంటె నీ పుస్తకం ఎక్కువనా?" ఆమె ఇవాళ మళ్లీ టీ పెట్టలేదు.

రాంచందర్


శ్రీరాంపూర్,
15 సెప్టెంబర్ 2024

రాంచందర్ అన్నకు,

మురిపెం కాదు. నేను చదివాను.

రెండుసార్లు చదివాను. "ఉద్యోగం చేయజాలను" దగ్గర ఆగి నీ ముఖం చూశాను. నువ్వు నా ముఖం చూడలేదు. "అక్కడ, కింద" అని వేలు పెట్టి చూపావు. చుట్టూ అయిదుగురు మగవాళ్లు. ఇబ్రాహీం పోయి పన్నెండు రోజులు. నువ్వు చదవడం నేర్పావు. చదివిన తరువాత కాదనడం నీ ఆదివారం బడిలో ఏ వారమూ రాలేదు.

నలభై మంది సంగతి కూడా నాకు తెలుసు. మరిది తాగినప్పుడల్లా చెప్పేవాడు. అయినా బడికి ఎందుకు వచ్చానంటావా? చదువు నీది కాదు కనుక. నువ్వు చెప్పావంతే.

మోయిజ్‌కు ఉత్తరం రాయకు. వాడు దాన్ని మడిచి జేబులో పెట్టుకుంటాడు, సాంబయ్య రిజిస్టరు బల్ల మీద ఉంటుంది. జిరాక్సులు చించను. సోమవారం మేం పోతున్నాం. వస్తే రా.

సుగ్రా


కరీంనగర్,
27 సెప్టెంబర్ 2024

చెల్లె సుగ్రాకు,

క్షేమంగా చేరాం. కోమల ముందు బస్సెక్కి కూర్చోకపోతే నేను వచ్చేవాణ్ని కాదని నీకు తెలిసే ఉంటుంది.

నేను చూసింది రాస్తాను. విన్నది ఏమీ లేదు కనుక.

నాలుగు కాగితాలు రాసుకొచ్చాను. మొదటి రెండూ చదివాను. నలభై మంది సంగతి, తేదీ, నీ సంతకం, అన్నీ. సాంబయ్య పెదవులు కదులుతున్నాయి, జనం నవ్వుతున్నారు, నాకేమీ వినపడలేదు. చెవిటితనం ఇంత మేలు చేస్తుందని ఏనాడూ అనుకోలేదు. మూడో కాగితం నుంచి నేను దారి తప్పాను. సాంబయ్య కారు, సాంబయ్య ఎన్నికలు, సాంబయ్య నా కుర్చీ లాగిన రోజు. ఎంతసేపు మాట్లాడానో తెలియదు. అంబ్రీన్ వచ్చి నా చొక్కా చేయి పట్టి లాగింది. ఆమె పెదవులు నాకు అర్థమయ్యాయి: "తాతా, అయింది. ఇగ కూసో." నా జీవితంలో నన్ను మాట మధ్యలో కూర్చోబెట్టిన మొదటి ఆడపిల్ల.

అప్పుడు సాంబయ్య సమ్మతి కాగితం నీ ముందుకు జరిపాడు. సాద్ పేరు టైపు చేసి ఉంది. నా వైపు చేయి చూపి ఏదో అన్నాడు. నేను చెప్పింది వాళ్ల మీద పనిచేయలేదని అప్పుడర్థమైంది. మోయిజ్ తల వంచుకున్నాడు. ఇక నా దగ్గర ఇంకో కాగితం లేదు.

నువ్వు సంచిలోంచి కళ్లజోడు తీశావు. తుడిచావు. కాగితం మొదటినుంచి చివరిదాకా, వేలు పెట్టి, ఒక్కో వరుసా చదివావు. అంతమంది మగవాళ్లు ఒక ఆడమనిషి చదవడం పూర్తయ్యేదాకా కాచుకుని కూర్చోవడం నేను ఎక్కడా చూడలేదు. చదివి, సాంబయ్యతో ఏదో అన్నావు. చిన్న మాటే. అయిదారు పదాలుంటాయి. కాగితం వెనక్కి తోశావు. సాద్ ముఖం విప్పారింది. ముబీనా నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. మోయిజ్ లేచి నిలబడి, నడుము పట్టుకుని, అంబ్రీన్ దగ్గర పెన్ను అడిగాడు.

ఏమన్నావు?

బస్సులో కోమలను అడిగాను, పలక ఇచ్చాను. ఆమె రాసింది: "యాభై ఏండ్లు నువ్వు సభలకెల్లొచ్చి ఎవరేమన్నరో నాకు చెప్పినవా? నేను చెప్ప."

పుస్తకంలో సాంబయ్య పేజీలు తీసేయలేదు, అవి నిజమే. నాకు కూడా రెండు పేజీలిచ్చాను. కోమల చదివి "గింతేనా" అన్నట్టు చూసింది. ఇప్పుడు తొమ్మిదయ్యాయి.

రాయి సుగ్రా. ఏమన్నావు?

రాంచందర్


శ్రీరాంపూర్,
18 ఫిబ్రవరి 2025

రాంచందర్ అన్నకు సలాం.

మూడు జాబులు రాశావు, నేను ఒక్కదానికీ జవాబివ్వలేదు. కోపం కాదు. ఆర్డరు చేతికి వచ్చేదాకా ఆ మాట మళ్లీ పలకడానికి, రాయడానికి కూడా భయమేసింది. డాక్టరు పరీక్ష, కాగితాలు, ట్రైనింగ్, ఒక్కోటి దాటేదాకా ఊపిరి బిగబట్టుకునే ఉన్నాం. ఇవాళ అంబ్రీన్ మొదటిసారి లోపలికి దిగింది. మొదటి షిఫ్టు. మూడింటికి పైకి రావాలి. ఇప్పుడు రెండున్నర. చేతులు ఊరుకోవడం లేదు కనుక రాస్తున్నాను.

ఆ రోజు సాంబయ్య నన్ను "సుగ్రమ్మా, సారు ముసలితనంల ఏదేదో మాట్లాడిండు. నువ్వు అప్పుడు పెద్దమనసు చేసుకొని పెట్టినవ్, ఇప్పుడు సుత పెట్టు" అన్నాడు. నేనన్నది ఇదీ:

"నాకు చదువొచ్చు సాంబయ్యా. గందుకే పెడ్తలేను."

ఇంతే. ఇంత చిన్న మాటకు ముప్పయి ఒక్క ఏళ్లు పట్టింది. నువ్వు వచ్చి చదవకపోతే ఆ ధైర్యం వచ్చేదో లేదో చెప్పలేను. నువ్వు కూర్చోకపోతే మాత్రం వచ్చేది కాదు.

నువ్వు గొప్ప జాబు రాస్తావని తెలుసు, వద్దు. నాకు గెలిచినట్టు లేదు. పొద్దున అయిదింటికి ఆ పిల్ల బూట్లు తొడుక్కుంటుంటే ఇబ్రాహీం కనిపించాడు. టిఫిన్ డబ్బా ముబీనా కట్టింది. ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకోలేదు. మగవాళ్లతో సమానమైన పని అంటే వాళ్లతో సమానమైన పైకప్పు కూడా కదా.

మూడైంది.

మూడుంబావు. నీకు చెప్పాల్సింది ఒకటుంది. ముబీనా కాలనీ బడిలో వంటకు కుదిరింది, మధ్యాహ్నం దాకా ఉండదు. ఇంట్లో వంట మోయిజ్ చేస్తున్నాడు. నిలబడి వండగలిగినంత వండుతాడు, తరువాత స్టూలు వేసుకుంటాడు. ఇవాళ పప్పులో రెండుసార్లు ఉప్పు వేశాడు. ఇప్పటికి నాలుగుసార్లు రోడ్డు దాకా పోయొచ్చాడు. ఇందాక వచ్చి నా పక్కన కూర్చుని, "అమ్మీ, ఇంట్ల కూసున్నోళ్లకు రోజూ గింత పరేషాన్ ఉంటుండెనా?" అని అడిగాడు. అవునన్నాను. "నాకు ఎవరు చెప్పలేదు" అన్నాడు. నువ్వు అడగలేదన్నాను.

మూడున్నర. పక్క క్వార్టర్ ముత్యం వచ్చేశాడు. అదే బాయి. "వెనుక బస్సుల వస్తుంది చిన్నమ్మా, ఫికర్ జెయ్యకు" అని పోయాడు. ఫికర్ చేయకు అని ఎవరైనా అంటే నాకు పదకొండు గంటలు గుర్తొస్తాయి. ఇక రాయలేను.

వచ్చింది. నాలుగు అవుతుండగా వచ్చింది. టోపీ దీపాలు అప్పజెప్పే దగ్గర వరుస పెద్దగా ఉన్నదట, అంతే. బొగ్గుమసిలో కళ్ల చుట్టూ తప్ప ముఖం కనబడటం లేదు. "ఎట్లున్నది?" అని సాద్ అడిగితే "ఉడుకున్నది. ఆకలైతున్నది" అన్నది.

మోయిజ్ ఏమీ అడగలేదు. పళ్లెం కడిగి అన్నం పెట్టాడు, ఉప్పు పప్పు పోశాడు, వంగలేక కష్టపడి కింద ఆమె ముందు పెట్టాడు. ఇరవై అయిదేళ్లు ఆ పళ్లెం వాడి ముందు పెట్టిన ముబీనా గుమ్మంలో నిలబడి చూస్తున్నది.

"గట్ల చూడకు" అన్నాడు సిగ్గుపడి.

"చూడనియ్యి" అన్నది.

అంబ్రీన్ తిని అక్కడే గోడకు ఒరిగి నిద్రపోయింది. బూట్లు విప్పలేదు. నేను విప్పుతున్నాను. రేపు కూడా మొదటి షిఫ్టే.

నీ చెల్లె
సుగ్రా బేగం